బైబిల్ అద్భుతాలకు సహజ కారణం ఉందా అని పిల్లలు అడిగితే, కలిసి ఎలా వెతకాలి

సండే స్కూల్లో పెద్ద పిల్లలకి చెప్పేవాళ్ళ కోసం, యూత్ మీటింగులు నడిపేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను విశాఖలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ఆదివారాలు జాలరిపేట దగ్గర మా సంఘంలో పెద్ద పిల్లల క్లాసు తీసుకుంటాను. కొన్నేళ్ళ కింద ఒక అబ్బాయి "అన్నా, సముద్రం నిజంగా పక్కకి తొలుగుతుందా, సైన్స్ ఏమన్నా చెప్తుందా?" అని అడిగితే, ఆరాధనకి టైమ్ అయిపోతోందని "వాక్యంలో ఉంది, నమ్మాలి" అని చెప్పి పంపేశాను. ఇంకో నాలుగు వారాలు వచ్చాడు, తర్వాత మానేశాడు. తప్పు నాది. వాడు తెలుసుకోవాలని అడిగాడు, నేను దాన్ని అవిశ్వాసం అనుకున్నాను. ఆ తర్వాత ఈ ప్రశ్న ఎవరు అడిగినా పక్కన పెట్టడం మానేశాను, పిల్లలతో కలిసి వెతకడం మొదలుపెట్టాను. అలా చేస్తూ చేస్తూ కుదిరిన పద్ధతి ఇది.

ముందు ఒక మాట. సహజ కారణం దొరికితే విశ్వాసం పోతుందని భయపడేవాళ్ళు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు, కారణం దొరికితే బైబిల్ అబద్ధమని తేలిపోతుందనుకునేవాళ్ళు బయట ఉన్నారు. రెండూ తొందరపాటే. రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో హిజ్కియా చావుకి దగ్గరైనప్పుడు దేవుడు బాగుచేస్తానని మాటిస్తాడు, వెంటనే యెషయా ఏం తెమ్మంటాడో చూడండి: అంజూరపు పండ్ల ముద్ద. దాన్ని పుండు మీద కడతారు, రాజు బాగుపడతాడు. మందూ, మాటా ఒకే చోట ఉన్నాయి, రాసినవాళ్ళకి అందులో ఇబ్బందేమీ కనపడలేదు. పిల్లలకి మొట్టమొదట ఈ వచనం చదివించండి. క్లాసులో టెన్షన్ సగం అక్కడే దిగుతుంది. పాస్టర్ గారికి కూడా ముందే చెప్పి పెట్టుకోండి, ఎవరో ఇంటికెళ్ళి సగం సగం చెప్తే అనవసరంగా గొడవవుతుంది.

ఇక మొదటి పని, వచనం తెరిచి చదవడం. తేలికగా అనిపిస్తుంది కానీ ఎక్కువమంది చేయనిది ఇదే, ఎందుకంటే మన తలలో ఉన్నది సినిమాలో చూసిన బొమ్మ: చెయ్యెత్తగానే ఒక్క క్షణంలో నీళ్ళు రెండు గోడలై లేచి నిలబడిపోవడం. నిర్గమకాండము 14:21 తీయండి. యెహోవా ఆ రాత్రంతా బలమైన తూర్పుగాలిచేత సముద్రాన్ని తొలగించాడని ఉంటుంది. రాత్రంతా, తూర్పుగాలి. పిల్లలచేత ఈ రెండు మాటల కింద పెన్సిల్‌తో గీత గీయించండి. గాలి, దిక్కు, ఎంతసేపు, ఏ కాలం, ఏ ఊరు, ఇలాంటివి ఎక్కడ కనపడినా గీయాల్సిందే. కారణం ఏంటో బైబిలే చెప్పేసిన చోట మనం కొత్తగా కల్పించడానికి ఏముంటుంది?

మా క్లాసులో ఒక అమ్మాయి ఇది ఇంటికెళ్ళి వాళ్ళ తాతకి చెప్పింది. ఆయన చిన్నప్పట్నుంచి తెప్ప మీద వేటకి వెళ్ళినవాడు. "ఏటమ్మా అంత అనుమానం, నేలమీంచి గాలి గట్టిగా కొడితే నీరు లోనకెళ్ళిపోదా?" అన్నాడట. సరిగ్గా అన్నాడు. గాలి ఒకే దిక్కున గంటల తరబడి వీస్తే పై నీటిని తోసుకుపోతుంది, ఒక ఒడ్డున నీరు తగ్గి అవతలి ఒడ్డున పెరుగుతుంది. కాకపోతే నీళ్ళ లోతు ఎంత తక్కువుంటే ఈ పని అంత గట్టిగా జరుగుతుంది. ఇంట్లోనే చూపించవచ్చు: వెడల్పాటి స్టీలు పళ్ళెంలో అడుగు మునిగేంత నీళ్ళు పోసి ఒక పక్కనుంచి టేబుల్ ఫ్యాన్ పెట్టండి, ఫ్యాన్ వైపు అడుగు బయటపడి నీళ్ళన్నీ అవతలి అంచుకి చేరతాయి. అదే ఫ్యాన్ నిండు బకెట్ ముందు పెడితే పైన చిన్న అలలు తప్ప ఏమీ ఉండదు. ఆర్కే బీచ్ దగ్గర సముద్రం తొందరగా లోతైపోతుంది కాబట్టి అక్కడ దారి పడదు, కానీ నైలు నది సముద్రంలో కలిసే చోట ఉన్న లోతు తక్కువ ఉప్పు సరస్సుల సంగతి వేరు. 1882లో టుల్లొక్ అనే బ్రిటిష్ సైనికాధికారి అక్కడి మంజాలా సరస్సు దగ్గర ఉన్నప్పుడు తూర్పుగాలి విపరీతంగా కొట్టింది. మర్నాడు పొద్దున చూస్తే సరస్సు కంటికి కనపడనంత దూరం జరిగిపోయి ఉంది, ముందురోజు చేపల పడవలు తేలిన చోట జనం బురదలో నడుస్తున్నారు.

2010లో కార్ల్ డ్రూస్, వేయిచింగ్ హాన్ అనే ఇద్దరు అమెరికాలో కంప్యూటర్ మోడల్‌తో దీన్నే లెక్కగట్టారు. నైలు డెల్టా తూర్పు వైపు ఒకప్పుడు నది ఒంపు తిరిగి సరస్సులో కలిసిన చోట, రెండు మీటర్ల లోతు నీళ్ళ మీద, గంటకి దాదాపు 100 కిలోమీటర్ల తూర్పుగాలి 12 గంటలు వీస్తే మధ్యలో నేల బయటపడుతుందని తేలింది. మూడు నాలుగు కిలోమీటర్ల పొడవు, ఐదు కిలోమీటర్ల వెడల్పు, నాలుగు గంటలపాటు. ఒంపు వల్ల నీళ్ళు అటు సరస్సులోకి, ఇటు నదిలోకి తోసుకుపోతాయి కాబట్టి వచనంలో చెప్పినట్టు రెండు పక్కలా నీళ్ళుంటాయి, గాలి ఆగగానే తిరిగొచ్చి మీద పడతాయి. హీబ్రూలో ఆ సముద్రం పేరు యామ్ సూఫ్, దాన్ని జమ్ము పెరిగే నీళ్ళు అని అర్థం చెప్పే పండితులు చాలామంది ఉన్నారు. జమ్ము లోతు తక్కువ నీటిలోనే పెరుగుతుంది.

ఇక్కడితో ఆగిపోకండి. ఇది కుదిరింది కదా అని సంబరపడి పిల్లల్ని ఇంటికి పంపితే మళ్ళీ అదే తప్పు, ఈసారి ఇటువైపు నుంచి. "ఇందులో ఇమడనిది ఏంటి?" అని అడగండి. మన పిల్లలు వెంటనే చెప్తారు, ఎందుకంటే మనది హుద్‌హుద్ చూసిన ఊరు. 2014 అక్టోబర్ 12న ఇక్కడ గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది, అందులో సగం గాలి ఉన్నప్పుడే మా వీధిలో మనిషి నిలబడలేకపోయాడు. చంటిపిల్లల్తో, ముసలివాళ్ళతో, గొర్రెలమందల్తో వంద కిలోమీటర్ల ఎదురుగాలిలో బురద దాటడం ఎలా? ఇది నిజమైన ఇబ్బంది, దాన్ని బోర్డు మీద రాయాలి. ఇమిడినవి ఒక పక్క, ఇమడనివి ఇంకో పక్క. బోర్డు మీద రెండు వరుసలూ ఉండాలి.

ఐగుప్తు తెగుళ్ళకి ఈ రెండు వరుసలు బాగా పనికొస్తాయి. గ్రెటా హోర్ట్ అనే పండితురాలు 1957లో వీటిని ఒక గొలుసుగా కట్టి చూపించింది: ఎగువన పడ్డ పెద్ద వానలకి ఎర్రమట్టి, దాంతోపాటు నాచులాంటి సూక్ష్మజీవులు కొట్టుకొచ్చి నైలు ఎర్రబారింది, చేపలు చచ్చాయి, కుళ్ళిన ఒడ్డు విడిచి కప్పలు ఊళ్ళోకి వచ్చి చచ్చాయి, దోమలూ ఈగలూ పెరిగాయి, పశువులకి రోగమొచ్చింది, మనుషులకి పుండ్లు లేచాయి. ఎర్రటి నీళ్ళంటే ఎలా ఉంటాయో మన పిల్లలకి కళ్ళతోనే చూపించవచ్చు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్తే వాగు నీళ్ళు రక్తంలా పారుతుంటాయి, ఇసుక రేణువులకి పట్టిన ఇనుప తుప్పే ఆ రంగు. అయితే మట్టి కలిసినంత మాత్రాన చేపలన్నీ చావవు, అందుకే హోర్ట్ సూక్ష్మజీవుల్ని కూడా లెక్కలోకి తెచ్చింది.

ఈ తెగుళ్ళ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వచనం నిర్గమకాండము 7:24. తాగడానికి నీళ్ళు లేక ఐగుప్తువాళ్ళు ఏటి పక్కన తవ్వుకున్నారట. మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, అవి చెలమలు. నాగావళి ఎండితే ఇసుకలో తవ్వుకుని ముంతతో తోడుకునే నీళ్ళలాంటివి. ఇసుక వడకట్టేస్తుంది కాబట్టి పైన చెడినా లోపల మంచినీళ్ళు వస్తాయి. కథ అల్లేవాడికి ఈ చిన్న వివరం అవసరం లేదు, ఎవరో చూసినవాళ్ళ జ్ఞాపకం ఇందులో ఉందని నాకనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే, పిల్లలకి కూడా అలాగే చెప్తాను. అలాంటిదే ఇంకొకటి 9:31-32లో ఉంది, వడగళ్ళకి యవలు పోయాయి, గోధుమలు ఇంకా ఎదగలేదు కాబట్టి మిగిలాయి అని. రైతు ఇంటి పిల్లాడైతే దీంతో నెల కూడా చెప్పేస్తాడు. మిగిలిన పచ్చదనం మీద తూర్పుగాలి మిడతల్ని తెచ్చింది. మిడతల దండు అన్న మాట మనం ఊరికే వాడేస్తాం, కానీ ఎడారి మిడతల గుంపులో ఒక్క చదరపు కిలోమీటరుకి నాలుగు నుంచి ఎనిమిది కోట్ల దాకా ఉంటాయి. 2020లో రాజస్థాన్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర దాకా వచ్చినవి ఇవే. తర్వాతి చీకటిని "చేతికి తెలియునంత చిక్కని చీకటి" అన్నారు, అంటే తాకితే తెలిసే చీకటి. వసంతంలో అక్కడ ఖమ్‌సిన్ అనే ఎడారి గాలి దుమ్ము లేపితే పగలే రాత్రవుతుంది.

ఇప్పుడు రెండో వరుస. నీళ్ళు చెక్క పాత్రల్లో, రాతి పాత్రల్లో కూడా మారాయని 7:19లో ఉంది, నది ఎర్రబడితే ఇంట్లో కుండలో నీళ్ళెందుకు మారాలి? పదో తెగులు మొదటి సంతానాన్ని మాత్రమే తాకింది, గొలుసు అక్కడ తెగిపోతుంది. బూజుపట్టిన ధాన్యం మొదటి కొడుకులే ముందు తిన్నారని కొందరు అంటారు, అది నాకు అతికించినట్టే ఉంది. అలా అనిపిస్తే అలాగే చెప్పండి. కారణం చెప్పాలి కాబట్టి చెప్పే కారణం ఎవరికీ మేలు చేయదు.

రెండో పని పంచాంగం చూడటం. మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉండేదే, సంఘంలో ఎవరూ వాడనిది. యేసు సిలువ మీద ఉన్నప్పుడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చీకటి కమ్మింది కదా, "సూర్యగ్రహణం అయ్యుంటుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పస్కా పండుగ ఎప్పుడు వస్తుందో అడగండి. పౌర్ణమికి. సూర్యగ్రహణం ఎప్పుడు పడుతుంది? అమావాస్యకి, మన బామ్మలెవరైనా చెప్తారు. పైగా సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా కప్పబడేది ఏడున్నర నిమిషాలకి మించదు, ఇక్కడ మూడు గంటలు. గ్రహణం వాదన అక్కడితో అయిపోయింది. దుమ్ము తుఫానో, దట్టమైన మబ్బో కావచ్చుననే వాదన మిగులుతుంది, దానికి సాక్ష్యం లేదు గానీ అడ్డమూ లేదు. క్రీ.శ. 33 ఏప్రిల్ 3న చంద్రగ్రహణం పడిందన్నది ఖగోళ లెక్కల్లో గట్టిగా ఉన్న విషయం, సిలువ తేదీ అదేనని చెప్పేవాళ్ళు దాన్ని చూపిస్తారు, కానీ అది పగటి చీకటికి కారణం కాదు.

కాలం చూడకపోతే ఎంత పొరపడతామో ఇంకో ఉదాహరణ. 2006లో డోరాన్ నోఫ్ అనే సముద్ర శాస్త్రవేత్త, ఆయనతోపాటు ఇంకో ఇద్దరు, గలిలయ సముద్రంలో ఉప్పు ఊటల దగ్గర అరుదుగా మంచు గడ్డలు ఏర్పడి ఉండవచ్చని, యేసు నీళ్ళ మీద నడవడం దూరం నుంచి అలా కనిపించి ఉండవచ్చని రాశారు. లెక్కలు బాగానే ఉన్నాయి. కానీ యోహాను 6:4 తెరవండి, పస్కా దగ్గరపడింది అని ఉంది, అదే రోజు ఐదు వేలమంది పచ్చిక మీద కూర్చున్నారని మార్కు రాశాడు. పచ్చగడ్డి ఉన్న వసంతంలో మంచు ఎక్కడిది? దోనె అప్పటికి దాదాపు ఐదు కిలోమీటర్లు వెళ్ళింది, ఎదురుగాలి, అలలు. చిన్నప్పట్నుంచి ఆ నీళ్ళలోనే బతికిన జాలర్లు మంచు గడ్డని పోల్చుకోలేరా? మా క్లాసులో జాలరి పిల్లలు దీన్ని ఐదు నిమిషాల్లో కొట్టిపారేశారు.

బేత్లెహేము నక్షత్రం దగ్గర కొంచెం ఓపిక కావాలి. 2020 డిసెంబర్ 21 సాయంత్రం గురుడు, శని దాదాపు అంటుకుని కనపడ్డాయి. క్రీ.పూ. 7లో అవే రెండు గ్రహాలు ఒకే ఏడాదిలో మూడుసార్లు దగ్గరికొచ్చాయి, 17వ శతాబ్దంలో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఆ కలయిక మీద లెక్కలు వేశాడు. జ్యోతిష్యం చూసే తూర్పు జ్ఞానులకి అది పెద్ద శకునమే అయ్యుంటుంది, యేసు పుట్టినప్పుడు రాజుగా ఉన్న హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అంటారు కాబట్టి కాలం కూడా కుదురుతుంది. అయితే అప్పుడు రెంటి మధ్య దూరం దాదాపు ఒక డిగ్రీ, అంటే రెండు నిండు చందమామలంత ఎడం. ఒక్క నక్షత్రంలా కనపడదు, ఒక ఇంటి మీద వచ్చి ఆగదు. రెండు వరుసలూ నిండాయి. తీర్పు పిల్లలకే వదిలేయండి.

మూడో పని పటం. మోషే చూసిన కాలని పొద గురించి, నూనె ఆవిర్లు వదిలే డిక్టామ్నస్ అనే మొక్క ఒకటుంది, దానికి నిప్పంటిస్తే ఆవిరి భగ్గున మండి మొక్క మిగులుతుంది అని చెప్తారు. నిజమే, కానీ సీనాయిలో ఆ మొక్క పెరగదు. అయిపోయింది. పటం వల్ల బలపడేది యొర్దాను నది ఆగడం. యెహోషువ 3వ అధ్యాయంలో నీళ్ళు ఆదాము అనే ఊరి దగ్గర ఏకరాశిగా నిలిచాయని ఊరి పేరుతో సహా ఉంది, కోతకాలంలో నది గట్లు పొర్లి పారుతోందని కూడా ఉంది. ఆ ఊరు ఈనాటి దామియా దగ్గరే, పేరులో పాత పేరు ఇంకా వినిపిస్తుంది. అక్కడ నది ఎత్తైన మెత్తటి మట్టి గట్ల మధ్య పారుతుంది, వరదకి గట్టు అడుగు కోసుకుపోతుంది, భూకంపమొస్తే చెప్పక్కర్లేదు. 1267లో అక్కడే గట్టు కూలి నది కొన్ని గంటలు ఆగిపోయిందని నువైరీ అనే అరబ్బు చరిత్రకారుడు రాశాడు. 1927 జూలై 11 భూకంపంలో కూడా దాదాపు ఒక రోజు ఆగిందని తవ్వకాల పండితుడు గార్‌స్టాంగ్ రాశాడు, దాన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. సహజ కారణాలన్నిటిలో నాకు గట్టిగా కనపడేది ఇది. ఇక్కడే ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, "మరి యాజకుల కాళ్ళు తడిసిన ఆ క్షణానికే ఎందుకు ఆగింది?" అని. గట్టు ఎలా కూలిందో సైన్స్ చెప్తుంది, ఆ రోజే ఎందుకన్నది దాని చేతిలో లేదు. నేను అందులో దేవుని చెయ్యి చూస్తాను, చూడని పిల్లాడు కూడా నా క్లాసులో కూర్చోవచ్చు.

మన్నా గురించి పొట్టిగా. సీనాయిలో ఒక రకం చెట్ల మీద బ్రతికే పురుగులు తియ్యటి జిగురు గింజల్లా విడుస్తాయి, 1927లో బోడెన్‌హైమర్ అనే కీటక శాస్త్రవేత్త వెళ్ళి చూశాడు. కొతిమెర గింజంత, తేనె రుచి, ఎండకి కరిగిపోవడం, ఇవన్నీ కుదిరాయి. అన్ని వేలమందికి, నలభై ఏళ్ళు, విశ్రాంతి దినం తప్ప రోజూ, ఇది కుదరదు. పూరేళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది: పూరేడు పిట్టలు గుంపులుగా మధ్యధరా సముద్రం దాటి అలసిపోయి సీనాయి ఒడ్డున చేత్తో పట్టుకునేట్టు వాలతాయి. సంఖ్యాకాండము 11లో ఆ మాంసం తిన్నవాళ్ళు తెగులుతో చనిపోయారని ఉంటుంది కదా, వలస పూరేళ్ళని తింటే కొన్నిసార్లు కండరాలు చితికిపోయే విషం ఎక్కుతుందని వైద్యంలో ఇప్పటికీ రాసి ఉంది.

ఫోన్లో వచ్చేవాటితో జాగ్రత్త. ఎర్ర సముద్రం అడుగున ఫరో రథచక్రాలు దొరికాయన్న ఫార్వర్డ్ ప్రతి ఏడాదీ తిరుగుతుంది, తవ్వకాల పండితులెవరూ నిర్ధారించలేదు. సొదొమ మీద ఆకాశంలో ఉల్క పేలిందని 2021లో ఒక పెద్ద సైన్స్ పత్రికలో పేపర్ వచ్చింది, మన గ్రూపుల్లో అందరూ పంచుకున్నారు, నేనూ క్లాసులో చెప్పాను. 2025లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. తర్వాతి ఆదివారం ఆ సంగతి కూడా పిల్లలకి చెప్పాను. విశ్వాసానికి అనుకూలంగా ఉన్న వార్తనే రెండింతలు పరీక్షించాలి, ఎందుకంటే దాన్ని మనం తొందరగా నమ్మేస్తాం.

కానాలో ద్రాక్షారసం, లాజరు, యేసు పునరుత్థానం, వీటికి సహజ కారణం వెతుకుతూ కూర్చోకండి. రాసినవాళ్ళు అక్కడ గాలినీ, కాలాన్నీ, పురుగునీ చెప్పలేదు, ఇలాంటిది జరగదని తెలిసే రాశారు. నాలుగు రోజుల శవం గురించి మార్త ఏమందో యోహాను 11:39లో చదివితే తెలుస్తుంది. నమ్మడమో నమ్మకపోవడమో అక్కడ నేరుగా ఉంటుంది, మధ్యలో మంచు గడ్డ పెట్టి తప్పించుకోవద్దు.

ఇదంతా ఒక్క క్లాసులో అవదు, ఒక్కో ఆదివారం ఒక్కటే తీసుకోండి. నాలుగైదు అయ్యాక యెరికో గోడలు పిల్లలకే వదిలేయండి, మీరు మాట్లాడకండి. యెహోషువ 6వ అధ్యాయం ఇవ్వండి. యెరికో మృత సముద్రపు భూకంప రేఖ పక్కనే ఉందని చెప్పండి. గార్‌స్టాంగ్ తవ్వి ఇవే ఆ గోడలు అన్నాడని, 1950లలో కాథ్లీన్ కెన్యన్ తవ్వి అవి యెహోషువ కాలానికి దాదాపు వెయ్యేళ్ళు పాతవని తేల్చిందని, రెండూ చెప్పండి. తర్వాత పటం, స్కేలు చేతికిచ్చి యెరికో నుంచి ఆదాము ఊరికి ఎంత దూరమో వాళ్ళచేతే కొలిపించండి. ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు, ఒకే భూకంపం అనే ఆలోచన ఎవరో ఒకరికి వస్తుంది, అప్పుడు బోర్డు మీద రెండో వరుస ఖాళీగా ఉంచి చాక్‌పీసు వాళ్ళకే ఇవ్వండి.